పళ్లాలు మార్చి తూచి చూశాం: ఎల్‌హెచ్‌సీబీ ఓపెన్ డేటా ఎక్సర్‌సైజ్ మీద నా రివ్యూ

రూపాయి ఖర్చు లేకుండా, ఇంట్లో ఉన్న మామూలు ల్యాప్‌టాప్ మీద, పదార్థానికీ ప్రతిపదార్థానికీ (అదే పదార్థం, ఛార్జీలు తారుమారైనది) ప్రకృతి తేడా చూపిస్తుందా లేదా అని మనమే లెక్కపెట్టి తేల్చుకోవచ్చంటే మొదట నమ్మలేదు. తేల్చుకోవచ్చు. మొన్న దసరా సెలవుల్లో నేనూ మా అక్క కూతురూ నాలుగు రోజులు కూర్చుని ఆ పని చేశాం. తను బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం. నేను ఎప్పుడో ఎమ్మెస్సీ చేసి తర్వాత వేరే ఉద్యోగంలో పడ్డాను, కానీ ఈ సబ్జెక్టు మీద ప్రేమ పోలేదు.

వాడింది సెర్న్, అంటే జెనీవా దగ్గరున్న యూరప్ కణ భౌతిక పరిశోధనా కేంద్రం, వాళ్ల ఓపెన్ డేటా పోర్టల్. 2014 నవంబరులో మొదలైంది. అందులో ఎల్‌హెచ్‌సీబీ (అక్కడ బీ మేసాన్ల లాంటి కణాల్ని పరీక్షించే ప్రయోగం) వాళ్లు పెట్టిన ఒక ఎక్సర్‌సైజ్ ఉంది, పదార్థం–ప్రతిపదార్థం తేడాల మీద. 2011లో జెనీవా దగ్గర 7 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు నమోదైన అసలు డేటా ఇస్తారు, దాంతో పాటు అడుగడుగునా ఏం చేయాలో చెప్పే ఒక జూపిటర్ నోట్‌బుక్ (వివరణా పైథాన్ కోడూ ఒకేచోట ఉండే ఫైలు) ఇస్తారు. పాఠం కోసం తయారుచేసిన నకిలీ అంకెలు కావు, శాస్త్రవేత్తలు పేపరు రాసుకున్న ఆ ఏడాది డేటాయే. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

లెక్క ఏమిటంటే, బీ ప్లస్ మేసాన్ అనే కణం పుట్టిన కాసేపటికే, అంటే సెకనులో లక్ష కోట్ల వంతు కాస్త దాటగానే, క్షయమైపోతుంది. అలా క్షయమయ్యేటప్పుడు అరుదుగా మూడు కేయాన్లుగా, అంటే దానికన్నా తేలికైన మేసాన్లుగా, విడిపోతుంది: రెండు ప్లస్, ఒకటి మైనస్. దాని ప్రతికణం బీ మైనస్ కూడా అచ్చం అలాగే విడిపోతుంది, ఛార్జీలు మాత్రం తారుమారు. ప్రకృతికి రెండూ సమానమే అయితే ఇవి ఎన్నో అవీ అన్నే రావాలి. రాకపోతే, మైనస్ లెక్కలోంచి ప్లస్ లెక్క తీసేసి మొత్తంతో భాగించండి, వచ్చిన అంకెనే అసిమెట్రీ అంటారు. ఐదో తరగతి పిల్లాడు చేసే లెక్క. కష్టమంతా ఆ రెండు సంఖ్యలూ నమ్మదగ్గవేనా అనే దగ్గరే ఉంది, ఈ రివ్యూలో ఎక్కువ భాగం దాని గురించే చెబుతాను.

ఈ చిన్న తేడా ఎందుకంత ముఖ్యమో తెలియకపోతే ఎక్సర్‌సైజ్ చప్పగా ఉంటుంది కాబట్టి ఒక్క మాట. 1964లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో క్రోనిన్, ఫిచ్, వాళ్ల సహచరులు తటస్థ కేయాన్లలో వెయ్యికి రెండు మాత్రమే జరిగే ఒక క్షయాన్ని చూశారు, సీపీ సౌష్ఠవం (కణాన్ని ప్రతికణంగా మార్చి అద్దంలో చూసినా నియమాలు మారవనే సూత్రం) నిజమైతే అది అస్సలు జరగకూడదు. ఆ వెయ్యికి రెండుని వివరించడానికి 1973లో కొబయాషి, మస్కావా మూడు జంటల క్వార్కులు (ప్రోటాన్లు, మేసాన్ల లాంటి వాటి లోపలుండే చిన్న కణాలు) ఉండాలన్నారు. అప్పటికి తెలిసిన క్వార్కులు మూడంటే మూడే! ఛార్మ్ 1974లో, బాటమ్ 1977లో, టాప్ 1995లో దొరికాయి. చిన్న తేడాని పట్టుకుని, కళ్లతో చూడని కణాలు ఉన్నాయని ఇరవై ఏళ్ల ముందే చెప్పగలిగారు. ఇప్పుడు కూడా అదే ఆశ, కొత్త బరువైన కణం ఏదైనా క్షయం లోపల తొంగిచూసి పోతే దాని జాడ ఈ తేడాలోనే పడాలి. పైగా మనకు తెలిసిన సిద్ధాంతంలో ఉన్న తేడా, విశ్వంలో ప్రతిపదార్థం పోయి పదార్థం మిగలడానికి ఏ మూలకూ సరిపోదు. అంటే ఇంకేదో ఉండి తీరాలి.

ఇక వాడకం సంగతి. ఫైళ్లు మూడు. ఒకటి సిమ్యులేషన్ ఫైలు, అంటే కంప్యూటర్‌లో తయారుచేసింది, చిన్నది. మిగతా రెండూ అసలు డేటా, మ్యాగ్నెట్ అప్, మ్యాగ్నెట్ డౌన్ అని పేర్లు, రెండూ కలిపి ఒక జీబీ పైనే. వాటిలో దాదాపు 85 లక్షల ఈవెంట్లు, అంటే బీ మేసాన్ క్షయం కావచ్చని నమోదైన మూడు కణాల గుంపులు. మా ఇంటి నెట్ కనెక్షన్ సగంలో తెగిపోయి డౌన్‌లోడ్ మళ్లీ మొదటి నుంచి పెట్టాల్సి వచ్చింది, అందుకని రాత్రి పడుకునేముందు పెట్టేయండి. ఇంకో జాగ్రత్త: 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అన్ని కాలమ్‌లూ ఒకేసారి లోడ్ చేయొద్దు, ఫ్యాన్ రొద పెడుతుంది, తర్వాత మొత్తం ఆగిపోతుంది. ముందు గుర్తింపు కాలమ్‌లు మాత్రం చదివి, పనికిరాని ఈవెంట్లని కొట్టేసి, మిగిలిన వాటికే మొమెంటం కాలమ్‌లు తెచ్చుకుంటే హాయిగా నడుస్తుంది. పైథాన్ కాస్త వస్తే చాలు. రాకపోయినా నోట్‌బుక్ చేయి పట్టుకుని నడిపిస్తుంది, కాకపోతే రెండింతల టైమ్ పడుతుంది.

మొదటి రోజు సిమ్యులేషన్‌తో ఆడుకున్నాం. మూడు కేయాన్ల మొమెంటం ఇస్తారు, కేయాన్ ద్రవ్యరాశి 493.677 మెగా ఎలక్ట్రాన్ వోల్టులని మనకు తెలుసు, దాంతో ఒక్కోదాని శక్తి కట్టి, మూడూ కలిపి వెనక్కి లెక్క వేస్తే అమ్మ కణం ద్రవ్యరాశి రావాలి. వచ్చింది, 5,279 దగ్గర ఒకే ఒక్క గీత నిటారుగా లేచింది. సిమ్యులేషన్ కాబట్టి అందులో వింతేమీ లేదు.

రెండో రోజు అసలు డేటా తెరిచాం. గ్రాఫు చూసి మా అమ్మాయి మొహం వాడిపోయింది. గీతా లేదు పాడూ లేదు, ఎడమ నుంచి కుడికి జారే ఒక పెద్ద మట్టిదిబ్బ. ఎందుకంటే ఆ 85 లక్షల్లో ఎక్కువ భాగం ఎక్కడెక్కడివో మూడు ట్రాకులు (కణాలు పోయిన జాడలు) పొరపాటున కలిసినవే. అప్పుడు కోతలు మొదలుపెట్టాం, అంటే షరతులకి నిలవని ఈవెంట్లని తీసేయడం. ఒక్కో ట్రాకుకీ అది కేయాన్ అయ్యే సంభావ్యత, పయాన్ (కేయాన్ కన్నా తేలికైన మేసాన్) అయ్యే సంభావ్యత, మ్యూవానా (ఎలక్ట్రాన్ లాంటిదే, బరువెక్కువ) కాదా అనేది ఇస్తారు. ఆ సంభావ్యత ఊహించి రాసింది కాదు, వాయువులో కాంతి కన్నా వేగంగా పోయే కణం వెదజల్లే చెరెంకోవ్ వెలుగు రింగుల సైజు కొలిచి తేల్చింది. మ్యూవాన్లని తీసేశాం, దిబ్బ కాస్త తగ్గింది. మొదటి ట్రాకు కేయానే అయి ఉండాలన్నాం, ఇంకా తగ్గింది. రెండోదీ మూడోదీ కూడా కేయాన్లే అయి ఉండాలని ఆ లైను నడిపేసరికి దిబ్బ మొత్తం కూలిపోయి, 5,280 దగ్గర సన్నటి శిఖరం, సూదిలా. తను కుర్చీలోంచి లేచి నిలబడి స్క్రీన్ మీద వేలు పెట్టింది. "మావయ్యా, ఇది నిజంగా బీ మేసానేనా? మనం తీసిందేనా?" అని మూడుసార్లు అడిగింది. దీనికోసమైనా ఈ ఎక్సర్‌సైజ్ చేయాలి. పాఠ్యపుస్తకంలో వంద సార్లు చదివినా ఆ సూది అలా లేవదు.

మిగిలినవి దాదాపు 24 వేల ఈవెంట్లు. మూడు ఛార్జీలు కలిపితే ప్లస్ ఒకటి వస్తే బీ ప్లస్, మైనస్ ఒకటి వస్తే బీ మైనస్. లెక్కపెట్టాం. బీ మైనస్‌లు తక్కువ, తేడా మైనస్ నాలుగు శాతం దరిదాపుల్లో. ఇది ఎంత పెద్ద విషయమో ఉదాహరణకి నాణెం ఎగరేసి చూడండి. 24 వేల సార్లు ఎగరేస్తే బొమ్మా బొరుసూ తేడా మామూలుగా 155 అటూ ఇటూ ఉంటుంది, 24 వేల వర్గమూలం అంతే కదా. నాలుగు శాతం తేడా అంటే 960. ఆ మామూలు ఊగునే ఒక సిగ్మా అంటారు, అంటే ఇది ఆరు సిగ్మాలు! ఐదు సిగ్మాలు దాటితేనే కనుగొన్నామని చెప్పుకుంటారని తనకి తెలుసు. "ఎర్రర్ ఇంత చిన్నది కదా మావయ్యా, అయిపోయినట్టేగా?" అంది.

అవ్వలేదు. ఇక్కడే నాకు మా నాన్న కొట్టు గుర్తొచ్చింది. మాది కిరాణా కొట్టు, పాత ఇత్తడి తక్కెడ ఉండేది. పొద్దున్నే కొట్టు తెరవగానే నాన్న మొదట ఖాళీ తక్కెడ ఎత్తి పాసంగం చూసేవాడు, అంటే రెండు పళ్లాల బరువులో తేడా ఉందేమోనని. ఎవరైనా అనుమానంగా చూస్తే ఒక్క మాట అనకుండా బియ్యం పళ్లెంలోకి రాయి, రాయి పళ్లెంలోకి బియ్యం మార్చి మళ్లీ తూచి చూపించేవాడు. తక్కెడలో దోషం ఉంటే రెండోసారి అది రెండోవైపు తేలుతుంది, సరుకులో తేడా ఉంటే సరుకుతో పాటే వస్తుంది.

ఎల్‌హెచ్‌సీబీ వాళ్లు చేసేదీ అదే. అక్కడ దాదాపు 1,600 టన్నుల అయస్కాంతం ప్లస్ కణాల్ని ఒక పక్కకీ మైనస్ కణాల్ని రెండో పక్కకీ వంచుతుంది. డిటెక్టర్ ఎడమ భాగం కుడి భాగం కన్నా కాస్త బాగా పనిచేస్తే, ప్రకృతిలో ఏ తేడా లేకపోయినా మనకి తేడా కనిపిస్తుంది. అందుకని కొన్నాళ్లకొకసారి కరెంటు దిశ తిప్పి అయస్కాంత క్షేత్రాన్ని తలకిందులు చేస్తారు. మ్యాగ్నెట్ అప్, మ్యాగ్నెట్ డౌన్ అని రెండు ఫైళ్లు ఉన్నది అందుకే. నోట్‌బుక్ రెండూ కలపమంటుంది. నేనైతే కలిపే ముందు రెండింటినీ విడివిడిగా చేయమని గట్టిగా చెబుతాను. ఒక ఫైలు నుంచి ఒక అంకె, రెండో దాన్నుంచి ఇంకో అంకె వస్తుంది, ఆ రెండింటి మధ్య ఎడం చూస్తేనే మన తక్కెడ పాసంగం ఎంతో అర్థమవుతుంది.

కానీ పళ్లాలు మార్చినా పోని దోషాలున్నాయి, నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఈ భాగమే. డిటెక్టర్ కూడా పదార్థంతోనే చేసింది కదా, ప్రతిపదార్థంతో చేసిన డిటెక్టర్ మనదగ్గర లేదు. కే మైనస్‌లో, అంటే మైనస్ ఛార్జీ ఉన్న కేయాన్‌లో, స్ట్రేంజ్ క్వార్కు ఉంటుంది, అది లోహంలో, సిలికాన్‌లో ఉన్న ప్రోటాన్లూ న్యూట్రాన్లతో కే ప్లస్ కన్నా సులువుగా చర్య జరిపి మాయమవుతుంది. మూడు కేయాన్లలో ఒక ప్లస్సూ ఒక మైనస్సూ ఒకదానికొకటి సరిపెట్టుకున్నా మూడోది మిగులుతుంది, దాని తేడా మన లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది. ఇంకోటి, ఢీకొనేవి రెండూ ప్రోటాన్లే, వాటిలో అప్ క్వార్కులు ఉంటాయి కానీ వాటికి సమంగా యాంటీ అప్‌లు ఉండవు, అందువల్ల బీ ప్లస్, బీ మైనస్ పుట్టుకలోనే కొంచెం తేడా. ఈ రెండింటినీ తీసేయడానికి వాళ్లు బీ మేసాన్ జే సై అనే ఇంకో మేసాన్, ఒక కేయాన్‌గా మారే క్షయాన్ని పక్కన పెట్టి కొలుస్తారు. అందులో అసలు తేడా దాదాపు సున్నా అని ముందే తెలుసు, కాబట్టి అక్కడ కనిపించినదంతా యంత్రానిది, పుట్టుకది. దాన్ని మనదాంట్లోంచి తీసేయాలి. ఈ రెండో క్షయం డేటా ఈ మూడు ఫైళ్లలో లేదు, అంటే దిద్దుబాటు పూర్తిగా మన చేత్తో చేయలేం. ఈ ఎక్సర్‌సైజ్‌కి నేను మార్కు తగ్గించేది ఇక్కడే.

2013లో అచ్చయిన అసలు ఫలితం చూడండి: మైనస్ 4.3 శాతం, ఎర్రర్లు మూడు, 0.9, 0.3, 0.7. మొదటిది ఈవెంట్ల సంఖ్య వల్ల, రెండోది పద్ధతి వల్ల, మూడోది ఆ జే సై క్షయం తేడా మీద మనకున్న అజ్ఞానం వల్ల. అన్నీ కలిపితే 3.7 సిగ్మాలు. మేం నాణెం లెక్కలో ఆరు అనుకున్నది అక్కడ 3.7. మా అమ్మాయికి కాస్త నిరాశ కలిగింది, నాకు మాత్రం ఆ పేపరు మీద గౌరవం రెట్టింపయింది. సాటి లెక్కల్లో ఏం జరిగిందో గుర్తుంది కదా. బీ మేసాన్ మ్యూవాన్లకీ ఎలక్ట్రాన్లకీ తేడా చూపిస్తోందని 2021లో 3.1 సిగ్మాలతో పెద్ద వార్త వచ్చింది, వార్తాపత్రికలన్నీ కొత్త ఫిజిక్స్ అన్నాయి. ఎలక్ట్రాన్లు అనుకున్నవాటిలో వేరే కణాలు దూరాయని అదే ప్రయోగం వాళ్లు 2022 డిసెంబరులో తామే తేల్చి చెప్పారు. తమ తక్కెడని తామే అనుమానించి చూసుకున్నారు.

మూడో రోజుది డాలిట్జ్ ప్లాట్, అంటే మూడు ముక్కలైన క్షయానికి గీసే ఒక మ్యాప్. వ్యతిరేక ఛార్జీలున్న కేయాన్ జంటలు రెండు వస్తాయి, వాటిలో చిన్న ద్రవ్యరాశి వర్గాన్ని అడ్డంగా, పెద్దదాన్ని నిలువుగా వేసి చుక్కలు పెడతాం. అంచున సన్నగా చిక్కటి పట్టీ కనిపిస్తుంది, అది ఫై మేసాన్. 3.5 (గిగా ఎలక్ట్రాన్ వోల్టుల వర్గంలో) దగ్గర ఇంకో గీత, అది డీ జీరో అనే మేసాన్, అంటే వేరే క్షయం దొంగదారిన వచ్చింది, తీసేయాలి. తర్వాత ఈ మ్యాప్‌ని గళ్లుగా కోసి ఒక్కో గడిలో అసిమెట్రీ కట్టాలి. మొత్తం మీద నాలుగు శాతమే అయినా తేడా అన్ని చోట్లా సమానంగా పరుచుకుని లేదు. ఫై పట్టీ దాటాక 1.2 నుంచి 2 మధ్య ప్రాంతంలో అచ్చయిన అంకె మైనస్ 22.6 శాతం. ఒక కేయాన్, రెండు పయాన్లుగా విడిపోయే క్షయంలోనైతే ఒక మూల ప్లస్ 67.8 శాతం! ఆ మూలలో ప్రతి ఒక్క బీ ప్లస్‌కీ ఐదు బీ మైనస్‌లు ఉన్నట్టు లెక్క. అంటే మేసాన్ ఎటు చెదిరి పోతుందన్న దాన్నిబట్టి ప్రకృతి పక్షపాతం మారిపోతోంది.

ఇది కొత్త ఫిజిక్సా అని తను అడిగింది, మీరూ అడుగుతారు. ఇది ఒక్కటే చూసి అలా చెప్పలేం. చెరువులో రెండు రాళ్లు వేస్తే అలలు ఒకచోట కలిసి ఎగస్తాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. క్షయానికి కూడా రెండు దారులుంటాయి, వాటి అలలు కలుస్తాయి. ఒక రకం ఫేజ్ (అల ఎంత ముందుకో వెనక్కో జరిగిందో చెప్పేది) ప్రతికణానికి గుర్తు మార్చుకుంటుంది, ఇంకో రకం మార్చుకోదు, రెండూ ఉంటేనే తేడా పుడుతుంది. ఆ రెండో రకం, క్వార్కుల్ని పట్టి ఉంచే బలమైన బలం వల్ల వస్తుంది, పయాన్ల జంట కేయాన్ల జంటగా మారడం లాంటివి అందులోవే, దాన్ని కచ్చితంగా లెక్కకట్టడం ఎవరికైనా కష్టం. అందుకే పెద్ద అంకె కనిపించగానే చంకలు గుద్దుకోకుండా, ఆ తెలియని భాగం కొట్టుడుపోయేలా రెండు మూడు క్షయాల్ని కలిపి చూస్తారు. తటస్థ బీ మేసాన్ కే ప్లస్, పై మైనస్‌గా (పై అంటే పయాన్) మారేటప్పుడు తేడా దాదాపు మైనస్ 8 శాతం. బీ ప్లస్ కే ప్లస్, పై జీరోగా మారేటప్పుడు కూడా అలాగే ఉండాలని మొదట అనుకున్నారు, 2021లో ఎల్‌హెచ్‌సీబీ కొలిస్తే ప్లస్ 2.5 శాతం వచ్చింది. ఇలాంటివి నాలుగు కలిపితే సున్నాకి దగ్గరగా రావాలనే సూత్రం ఒకటి ఉంది. నాలుగోది, రెండు తటస్థ కణాలుగా మారేది, ఎల్‌హెచ్‌సీబీకి చాలా కష్టం, జపాన్‌లోని త్సుకుబాలో ఉన్న బెల్ 2 అనే ప్రయోగానికి బాగా వీలు. వాళ్లు 2023లో ఆ మొత్తం మైనస్ 3 శాతం అనీ, ఎర్రర్ 13 శాతం అనీ చెప్పారు. ఎర్రర్ ఇంకా చాలా తగ్గాలి. ఆ బెల్ 2లో మన ఐఐటీ హైదరాబాద్ కూడా భాగస్వామి, కాబట్టి పీహెచ్‌డీ ఆలోచన ఉన్న పిల్లలకి ఇది దూరపు విషయమేమీ కాదు. 2025లో ఎల్‌హెచ్‌సీబీయే మొదటిసారి బేరియాన్ల క్షయంలో, ప్రోటాన్ల కుటుంబంలో, 2.45 శాతం తేడా 5.2 సిగ్మాలతో చూపించింది. రంగం ఇంత వేడిగా ఉంది.

ఎవరికి సరిపోతుంది అంటే, డిగ్రీ ఫిజిక్స్ పిల్లలకి, వాళ్లకి పాఠం చెప్పే లెక్చరర్లకి, కోడింగ్ వచ్చి సైన్స్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకి కళ్లు మూసుకుని చెబుతాను. ఇంటర్ పిల్లలకి పక్కన ఒకరుండాలి. నోట్‌బుక్ ఇంగ్లీషులోనే ఉంది, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి మొదటి రోజు కాస్త టెన్షన్ పెడుతుంది, ఎవరైనా పూనుకుని తెలుగులో చేస్తే ఎంతమందికి ఉపయోగమో. శిఖరం ఎడమ పక్క మిగిలే చెత్త వేరు, కుడి పక్కది వేరు, ఎడమది నాలుగు ముక్కలైన వాటిలో ఒకటి కనిపించకుండా పోయినవి, దాన్ని ఎలా తీసేయాలో ఇంకాస్త విడమరిచి చెబితే బాగుండేది. 5కి నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు జే సై డేటా లేనందుకు.

చేసేవాళ్లు ఒక్కటి పాటించండి. కోతలు ఎక్కడ పెట్టాలో శిఖరం చూసి నిర్ణయించుకోండి, అసిమెట్రీ అంకె చూసి మాత్రం వద్దు. మా అమ్మాయి ఒక కోతని 0.5 నుంచి 0.6 కి జరిపితే అంకె ఇంకా పెద్దదవుతోందని మురిసిపోయి అదే ఉంచుదామంది. వద్దన్నాను. కోతలన్నీ ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, ఇద్దరం సంతకం పెట్టి ల్యాప్‌టాప్ మూతకి లోపలివైపు అతికించాం. జనవరిలో కాలేజీలో తన ప్రాజెక్టు ప్రెజెంటేషన్ ఉంది, అప్పటిలోగా మ్యాగ్నెట్ అప్ ఫైలు విడిగా, అవే కోతలతో, మళ్లీ మొదటి నుంచి చేస్తోంది.